షాట్ పవర్ 99 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తొంభై తొమ్మిది గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. మీరూ, మీ తమ్ముళ్లు తొంభై ఎనిమిది, తొంభై ఏడు గార్లూ పాత ప్లేస్టేషన్ మెమరీ కార్డుల్లో సుఖంగా ఉన్నారని తలుస్తాను. (తమరెవరో తెలియనివాళ్లకు: పాత ఫుట్‌బాల్ వీడియో గేముల్లో ఆటగాడు బంతిని ఎంత బలంగా తంతాడో చెప్పే మార్కు తమరు.)

ఇక్కడ గొడవ మళ్లీ మొదలైంది. పాత ఫుట్‌బాల్ వీడియో గేముల్లో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు? ఏటా ఎవరో ఒకరు జాబితా వేస్తారు. అందులో ఎప్పుడూ ఆ పేర్లే: రొనాల్డో, జిదాన్, రొనాల్డీన్యో, రాబర్టో కార్లోస్, హెన్రీ. గోలీకి చోటుండదు. డిఫెండర్ ఒకడుంటే ఉంటాడు, వాడు కూడా ఫ్రీకిక్కులు కొట్టేవాడై ఉండాలి.

నాకు అర్థం కానిది ఒకటే. జిదాన్ గొప్పవాడని తేల్చడానికి వీడియో గేమ్ ఎందుకండీ? 1998 ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్ మీద తలతో రెండు గోల్స్ కొట్టిన మనిషికి మన రిమోట్ ఇచ్చే సర్టిఫికెట్ అక్కర్లేదు. గేముల్లో ర్యాంకు ఇవ్వాలంటే గేము వల్ల గొప్పైనవాళ్లకు ఇవ్వాలి. ఆ లెక్కన మొదటి ర్యాంకు ఏ మనిషికీ రాదు, మీకే వస్తుంది. ఎవరి జెర్సీ తొడుక్కున్నా చివరికి గోల్ కొట్టింది మీరే కదా. అందుకే ఈ ఉత్తరం తమరి పేర రాస్తున్నాను.

తమరి ఘనకార్యాల్లో పెద్దది 2006లో జరిగింది. కొనామీ అనే జపాన్ కంపెనీ వాళ్ల ప్రో ఎవల్యూషన్ సాకర్ 6 గేములో తమరు, ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్‌కు ఆడే బ్రెజిల్ ఆటగాడు అడ్రియానో ఎడమకాల్లో కాపురం పెట్టారు. ఆ గేమ్ ఆడినవాళ్లకు వివరించక్కర్లేదు, ఆడనివాళ్లకు వివరించినా నమ్మరు. సెంటర్ లైన్ దాటి కొంచెం ముందుకెళ్లి, బంతిని ఎడమకాలి మీదికి తెచ్చుకుని, స్క్వేర్ బటన్ నొక్కి పవర్ బార్ సగం పైన నింపితే చాలు. బంతి వంకర తిరిగేది కాదు, ఆలోచించేది కాదు. గోలీ దూకేవాడు, పాపం, కాకపోతే బంతి వలలో పడ్డాక. డిఫెండర్ ఎవరైనా అడ్డం వస్తే వాణ్ని భుజంతో పక్కకు నెట్టేసి అడ్రియానో తన దారిన తను పోయేవాడు. పాసులు, వ్యూహాలు, ఫార్మేషన్లు అన్నీ ఎదుటివాడికి. మనకు ఒక కాలు చాలు.

దాంతో హాస్టల్ గదుల్లో, గంటకింత అని తీసుకునే గేమింగ్ సెంటర్లలో రాయని చట్టం ఒకటి పుట్టుకొచ్చింది. ఇంటర్ మిలాన్ తీసుకోకూడదు. తీసుకుంటే అడ్రియానోని బెంచీ మీద కూర్చోబెట్టాలి. ఒక ఆటగాణ్ని ఆడించొద్దని అందరూ కలిసి ఒట్టు పెట్టుకోవడం కంటే పెద్ద ర్యాంకు ఏ జాబితా ఇవ్వగలదు చెప్పండి.

ఇప్పుడు తమరికి కాస్త ఇబ్బందిగా ఉండే సంగతి. ఇటలీలో రేడియో శ్రోతలు 'బిదోనె ద'ఓరో' అని ఒక వెటకారపు అవార్డు ఇచ్చేవారు. బంగారు చెత్తడబ్బా అనుకోండి. ఆ ఏడాది ఇటలీ లీగులో అందరికంటే నిరాశపరిచిన ఆటగాడికి అది దక్కేది. 2006లో అది ఎవరికి దక్కిందో ఊహించండి. అవును, అడ్రియానోకే. 2007లో మళ్లీ ఆయనకే. 2010లో ముచ్చటగా మూడోసారి. అదే 2006లో, ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ పట్టుకెళ్లినది కన్నవారో, ఒక డిఫెండర్. అంటే ఒకే ఏడాది, ఒకే మనిషికి రెండు మార్కుల మెమోలు వచ్చాయి. ఇటలీ మెమోలో ఫెయిల్. మీ మెమోలో వందకు తొంభై తొమ్మిది. మన ఊళ్లో ఏది చెల్లిందో చెప్పక్కర్లేదు.

అడ్రియానోని చూసి నవ్వడానికి ఇది రాయడం లేదు. 2004 జులైలో దక్షిణ అమెరికా దేశాల కప్పు కోపా అమెరికా ఫైనల్లో అర్జెంటీనా మీద ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టి బ్రెజిల్‌ను బతికించాడు, పెనాల్టీ షూటౌట్‌లో వాళ్లు కప్పు గెలిచారు. ఆ తర్వాత కొద్ది రోజులకే వాళ్ల నాన్న పోయారు. ఫుట్‌బాల్ మీద ప్రేమ ఆ రోజు నుంచి మునుపటిలా లేదని ఆయనే చెప్పుకున్నాడు. మీ పట్టికలో స్పీడుకు గడి ఉంది, బ్యాలెన్సుకు ఉంది, గెంతడానికి ఉంది, కోపానికి కూడా ఉంది. తండ్రి పోయినవాడికి ఎంత తగ్గించాలో చెప్పే గడి మాత్రం లేదు. మ్యాచ్‌కు ముందు పేరు పక్కన బాణం గుర్తు పెట్టేవారు నిజమే. ఎర్రగా పైకి చూస్తే హుషారు, కిందికి చూస్తే నీరసం. గేములో ఆ బాణం మ్యాచ్ మ్యాచ్‌కీ మారేది. మిలాన్‌లో ఏళ్ల తరబడి కిందికే చూస్తూ ఉండిపోయింది.

అయినా మిమ్మల్ని అనుమానించడం మా వల్ల కాదు. 99 తెచ్చుకుంటే ఆ ఒక్క మార్కు ఎక్కడ పోగొట్టావని అడిగే ఇళ్లలో పెరిగాం. ఎంసెట్ ఫలితాలు రాగానే టీవీల్లో ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు అని గుక్కతిప్పుకోకుండా వినిపించే ర్యాంకుల ప్రకటనలు విని పెద్దయ్యాం. అంకె కనబడితే లేచి నిలబడతాం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియనివాడు కూడా మీ పట్టిక ముందు కూర్చుంటే, ఫలానా వాడికి షాట్ టెక్నిక్ తక్కువేశారని కొనామీ మీద మండిపడేవాడు. రీవాల్యుయేషన్ ఉంటే ఫీజు కట్టేవాడే.

ఇంతకీ పేపరు దిద్దేది ఎవరు? ఈ ప్రశ్న జాబితాలు వేసేవాళ్లెవరూ అడగరు. జవాబు కావాలంటే మీ బంధువు ఇరవై గారి ఇంటికి వెళ్లాలి. ఛాంపియన్‌షిప్ మేనేజర్ అనే ఇంగ్లండ్ గేములో వారిదే రాజ్యం. మనం ఆడం, ఆటగాళ్లను కొని జట్టును నడుపుతాం, అక్కడ మార్కులు ఇరవైకే. 2001లో వచ్చిన 01/02 భాగంలో తెర మీద ఆట కూడా కనబడదు. అక్షరాలే. ఫలానావాడు కొట్టాడు, గోల్, అంతే. ఆ అక్షరాల కోసం తెల్లవార్లూ మేలుకున్నవాళ్లు ఉన్నారు, ఇప్పటికీ ఆ గేమ్ ఆడుతున్నవాళ్లు కూడా ఉన్నారు.

అందులో మక్సిమ్ సిగాల్కో అని బెలారుస్ కుర్రాడు. డైనమో మిన్స్క్ జట్టు. కొనుక్కుంటే లీగు మీ చేతికొచ్చినట్టే. నిజంలో గాయాలు ఆయన్ని ఇరవైల్లోనే ఆట మాన్పించాయి. 2020 డిసెంబరులో, 37 ఏళ్లకే చనిపోయారు. ఆయన్ని ఒక్కసారి కూడా ఆడగా చూడనివాళ్లు ప్రపంచమంతటా సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు. చెర్నో సాంబా అని మిల్‌వాల్ జట్టు పిల్లవాడు. గేములో యూరప్‌ను ఏలాడు, నిజంలో ఆ మిల్‌వాల్ మొదటి జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడలేదు. డెర్బీ కౌంటీలో టోంటన్ జోలా మొకోకో కథా దాదాపు అంతే. వీళ్ల తప్పేం లేదు. టీనేజీ పిల్లల పేరు పక్కన ఎవరో బల్ల ముందు కూర్చుని పెద్ద అంకె వేశారు. ఆ పిల్లలు పాపం జీవితాంతం ఆ అంకెను అందుకోవాలి.

ఇక ఆ గేములో అసలు మేధావి టో మదైరా. పోర్చుగల్ కింది లీగుల్లో గౌవేయా అనే చిన్న జట్టు. స్ట్రైకర్. కొంటే గోల్సే గోల్స్. మరి నిజంలో అలాంటి ప్రొఫెషనల్ ఆటగాడు ఉన్నాడా అంటే లేడు. ఆ ప్రాంతం వివరాలు సేకరించి పంపే మనిషే తనను తాను ఆటగాడిగా చేర్చేసుకుని, దిట్టంగా మార్కులు వేసుకున్నాడని చెబుతారు. తన పేపరు తనే దిద్దుకున్న ఏకైక విద్యార్థి! పాత గేముల్లో గొప్ప ఆటగాళ్ల జాబితా వేస్తూ ఇతన్ని వదిలేశారంటే అది జాబితానే కాదు. మిగతావాళ్లంతా ఆట నేర్చుకుని గొప్పవాళ్లయ్యారు. ఇతను ఆట మధ్యలోకి రానివ్వకుండానే అయ్యాడు.

నవ్వుకునేలోపే మరో సంగతి. ఈ గేమ్ వారసుడు ఫుట్‌బాల్ మేనేజర్ ఉంది కదా, దాని డేటాబేస్‌ను ఆటగాళ్లను వెతకడానికి వాడుకుంటామని 2008లో ఎవర్టన్ క్లబ్ ఒప్పందం చేసుకుంది. సాక్షాత్తూ ప్రీమియర్ లీగ్ క్లబ్బు! కాబట్టి అంకె ముందు లేచి నిలబడే జబ్బు మా ఒక్కరిదే కాదన్నమాట. కాస్త ఊరట.

పేర్ల విషయానికి వద్దాం. ఆటగాళ్ల అసలు పేర్లు వాడుకునే లైసెన్సులు లేక కొనామీ వాళ్లు పేర్లు మార్చి పెట్టేవారు. రాబర్టో కార్లోస్ రాబర్టో లార్కోస్ అయ్యాడు. పేరులో అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి గానీ కాలు మాత్రం అదే. నెదర్లాండ్స్ వాళ్లకైతే అక్షరాలు మార్చే ఓపిక కూడా లేకపోయింది. కొన్ని భాగాల్లో జట్టు మొత్తానికి 'ఆరెంజెస్' అని ఒకే పేరు, వెనకాల హాల్‌టికెట్ నంబరు. ఎవరు ఎవరో జుట్టు చూసి పోల్చుకోవాలి. అంతకు ముందు, 1990ల మధ్యలో, సూపర్ నింటెండోలో వచ్చిన ఇంటర్నేషనల్ సూపర్‌స్టార్ సాకర్‌లో బ్రెజిల్ ఏడో నంబరు అలెజో. అలాంటి మనిషే భూమ్మీద లేడు. అయినా బ్రెజిల్‌లో ఒక తరం పిల్లలకు వాడే దేవుడు. పీలే పుట్టిన దేశంలో, లేని మనిషి ఆ స్థాయికి రావడం మామూలు విషయం కాదు.

ఈఏ అనే అమెరికా కంపెనీ వాళ్ల మొదటి ఫిఫా గేమ్ 1993లో వచ్చింది, అందులోనూ అన్నీ కల్పిత పేర్లే. దాని గురించి ఎక్కువ చెప్పను. రెఫరీ కార్డు చూపించడానికి వస్తుంటే అందకుండా పారిపోవచ్చు. గోలీ బంతి తన్నే ముందు ఎదురుగా నిలబడితే అది మన కాలికి తగిలి గోల్ అయిపోయేది. అందులో గొప్ప ఆటగాడెవరంటే సిగ్గులేనివాడు.

మీ కొలువులో మార్కులు తక్కువ వచ్చినవాళ్ల సంగతి కూడా విన్నవించుకోవాలి. ప్రో ఎవల్యూషన్ సాకర్‌లో మాస్టర్ లీగ్, అంటే జట్టును సీజన్ల తరబడి నడిపే ఆట, మొదలుపెడితే చేతికిచ్చే జట్టు గుర్తుందా? గోల్లో ఇవరోవ్, వెనకాల స్ట్రెమర్, వాలెనీ, మధ్యలో మినాండా, ముందు కాస్టోలో. అందరూ కల్పితమే, అందరూ యావరేజే. బంతి ఇస్తే ఎదుటివాళ్లకు పంపేవారు, పరిగెత్తమంటే ఆయాసపడేవారు. డబ్బులు కూడబెట్టి ఒక్కొక్కర్నీ అమ్మేసి మంచివాళ్లను కొనేవాళ్లం. అయితే ఒక సంగతి గమనించారా? అడ్రియానోతో కొట్టిన గోల్ ఒక్కటీ విడిగా గుర్తుండదు, అన్నీ ఒకేలా ఉంటాయి. కాస్టోలో చివరి నిమిషంలో మోకాలికి తగిలి కొట్టిన గోల్ మాత్రం ఎవరిని అడిగినా వర్ణించి చెబుతారు. తమరి ప్రమేయం లేకుండా పడ్డ గోల్ కదా, బహుశా అందుకు.

తమరిని ఇంకొకటి అడగాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరాం మా సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టినవాడు. 1962 ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కోచ్ రహీమ్ సాబ్ హైదరాబాదే. పాత గేముల్లో పీలేలకూ మారడోనాలకూ క్లాసిక్ జట్లు కట్టి మార్కులు వేశారు కదా, మావాళ్లకు ఒక్క గడైనా తెరిచిన పాపాన పోయారా? నాకైతే ఎక్కడా కనబడలేదు. 99 వేయమని అడగను. హాజరుపట్టీలో పేరు రాయండి చాలు.

ఇక నా జాబితా. మొదటి ర్యాంకు తమరిది. రెండోది టో మదైరాది, సొంత కష్టానికి. మూడోది అలెజోది, పుట్టకుండానే ఎదిగినందుకు. నాలుగు కాస్టోలోకి. అయిదు నుంచి పది దాకా తమరి ఇష్టం, జిదాన్‌కి ఇచ్చుకున్నా అభ్యంతరం లేదు. అడ్రియానోని మాత్రం జాబితాలో పెట్టడం లేదు. మా గదిలో నిషేధం ఇంకా ఎత్తేయలేదు.

ఇట్లు,
తమరి దెబ్బకు నెట్ లోంచి బంతి చాలాసార్లు తీసుకొచ్చుకున్న
ఒక విధేయుడు

తా.క.: రాబర్టో లార్కోస్ గారు ఎక్కడైనా తారసపడితే ఒక మాట చెప్పండి. 1997లో ఫ్రాన్స్ మీద కొట్టిన ఆ వంకర ఫ్రీకిక్కును వెంటనే తన పేర రిజిస్ట్రేషన్ చేయించుకోమనండి. కార్లోస్ అని ఎవరో అది తనదేనంటూ తిరుగుతున్నాడు.