పదిమంది రిటైర్డ్ ఔట్ అయితే నవ్వడానికి ఏముంది?

2025 మేలో యూఏఈ, ఖతార్ మహిళల క్రికెట్ మ్యాచ్ స్కోర్‌కార్డు సోషల్ మీడియాలో తెగ తిరిగింది. ఒక్క వికెట్ పడకుండా యూఏఈ 16 ఓవర్లలో 192 కొట్టి, ఆ వెంటనే పదిమందీ రిటైర్డ్ ఔట్, అంటే తమంతట తామే ఔటైనట్టు వెళ్లిపోయారు. ఎనిమిది మంది పేర్ల ఎదురుగా సున్నాలు. ఆ ఫొటో ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉంటుంది, దాని కింద అవే నవ్వులు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

అసలు అక్కడ ఏం జరిగిందో చూడండి. అది బ్యాంకాక్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్ ఆసియా క్వాలిఫయర్, అంటే అర్హత టోర్నీ. తొమ్మిది జట్లు, మూడేసి చొప్పున మూడు గ్రూపులు. గ్రూపులో మొదటి స్థానం వస్తేనే ముందుకు. అక్కడి నుంచి రెండు జట్లకే అవకాశం, అదీ ప్రపంచకప్‌కి కాదు, ఇంకో క్వాలిఫయర్‌కి! గ్రూపులో ఒక్కో జట్టుకి దక్కేది రెండే మ్యాచ్‌లు. అందులో ఒకటి వానకు పోతే చేతికందిన పాయింట్లు జారిపోతాయి.

ఆ రోజు వాన భయం ఉంది. టీ20లో ఇన్నింగ్స్ డిక్లేర్ చేయడానికి, అంటే తామే మధ్యలో ఆపేయడానికి రూల్ ఒప్పుకోదు. వాన రాకముందే బౌలింగ్‌కి దిగాలంటే యూఏఈ ముందున్న దారి ఒక్కటే, పదిమందీ ఔటవడం. కెప్టెన్ ఈషా ఓఝా అప్పటికి 55 బంతుల్లో 113 మీద ఉంది. అవతల తీర్థ సతీశ్ 74. ఇంకా నాలుగు ఓవర్లున్నాయి. అంత ఊపు మీదున్న బ్యాటర్ ఎవరైనా ఆ నాలుగు ఓవర్లు వదులుకుంటారా? వీళ్లు వదులుకున్నారు. మిగతావాళ్లు ప్యాడ్లు కట్టుకుని ఒకరి వెనక ఒకరు మైదానంలోకి వచ్చి, బంతి కూడా ఎదుర్కోకుండా వెనక్కి వెళ్లిపోయారు. అంతర్జాతీయ రికార్డులో తమ పేరు పక్కన సున్నా పడుతుందని తెలిసే వెళ్లారు. జట్టు కోసం ఆడడమంటే నా దృష్టిలో ఇదే. తర్వాత ఖతార్‌ని 29కే ఆలౌట్ చేసి 163 పరుగులతో గెలిచారు. ఇంతా చేసి చివరికి థాయ్‌లాండ్, నేపాల్ ముందుకెళ్లాయి, యూఏఈ అక్కడే ఆగిపోయింది.

పెద్ద జట్లకి ఒక మ్యాచ్ వానకు పోతే వచ్చే నెల ఇంకో సిరీస్ ఉంటుంది. వీళ్లకి ప్రపంచకప్ ఆశ మళ్లీ పుట్టాలంటే రెండేళ్లు ఆగాలి. ఉద్యోగం, చదువు, ఇల్లు అన్నీ చూసుకుంటూ ప్రాక్టీస్ చేసే అమ్మాయిలకి రెండేళ్లంటే తక్కువేం కాదు.

థాయ్‌లాండ్ కథే తీసుకోండి. 2018, 19లలో టీ20ల్లో వరసగా 17 గెలిచిన జట్టు. 2020లో మొదటిసారి ప్రపంచకప్ ఆడింది. సిడ్నీలో పాకిస్తాన్ మీద నట్టకన్ చంటమ్ 56 కొడితే స్కోరు 150 అయ్యింది, పోయింది మూడే వికెట్లు. ప్రపంచకప్‌లో తొలి గెలుపు కళ్ల ముందు కనబడుతుంటే వాన వచ్చి మ్యాచ్ రద్దు. మరుసటి ఏడాది హరారేలో వన్డే ప్రపంచకప్ క్వాలిఫయర్. బంగ్లాదేశ్‌ని ఓడించారు, జింబాబ్వేని, అమెరికాని కూడా ఓడించారు. ఇంతలో కరోనా కొత్త రకం ఒమిక్రాన్ భయంతో టోర్నీ మధ్యలోనే ఆపేశారు. ర్యాంకింగ్స్ చూసి పాకిస్తాన్, వెస్టిండీస్, బంగ్లాదేశ్‌లను ప్రపంచకప్‌కి పంపారు. థాయ్‌లాండ్‌కి అప్పటికి వన్డే హోదానే లేదు, ఇక ర్యాంకు ఎక్కడి నుంచి వస్తుంది? మైదానంలో తాము ఓడించిన బంగ్లాదేశ్ ప్రపంచకప్‌కి వెళ్తుంటే వీళ్లు ఇంటికి రావాల్సి వచ్చింది. టోర్నీ ఆపడాన్ని నేను తప్పుపట్టను, ప్రాణాలు ముఖ్యం. ఆగిపోతే ఏం చేయాలన్న రూలులో ఆడి గెలిచిన మ్యాచ్‌లకి విలువ లేకపోవడమే అన్యాయం.

ఖతార్ సంగతికొద్దాం. 29 పరుగుల జట్టుని అంతర్జాతీయ మ్యాచ్‌లో ఎందుకు ఆడించాలని చాలామంది అడుగుతారు. ఆ 29లో 20 రిజ్ఫా ఎమ్మానుయేల్ ఒక్కతే కొట్టింది. అవతల ఏడుగురు డకౌట్ అవుతుంటే ఇవతల నిలబడి కొట్టిన పరుగులవి. ఆ ఇన్నింగ్స్ గురించి ఒక్క పోస్ట్ కూడా నా కంటపడలేదు.

2018లో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) తన సభ్య దేశాల మహిళా జట్లన్నిటికీ టీ20 అంతర్జాతీయ హోదా ఇచ్చింది. మంచి నిర్ణయం. కానీ హోదా ఒక్కటీ ఇచ్చి మ్యాచ్‌లు ఇవ్వకపోతే ఏం లాభం? 2019లో చైనా ఇదే యూఏఈ చేతిలో 14కి ఆలౌటైంది. అదే ఏడాది మాలి రువాండా మీద 6కి ఆలౌటైంది. ఇలాంటి స్కోర్లు చూసి పసికూనల్ని పక్కన పెట్టాలనడం సులువే. ఆడనివ్వకుండా ఎవరికైనా ఆట ఎలా వస్తుంది?

2026 ప్రపంచకప్‌లో 12 జట్లు, 2030కి 16. సంతోషమే. కానీ పైన కుర్చీలు పెంచితే సరిపోదు. క్వాలిఫయర్‌లో ప్రతి మ్యాచ్‌కీ రిజర్వ్ డే, అంటే వానకు పోతే మళ్లీ ఆడే రోజు పెట్టండి. మూడు జట్ల గ్రూపులు తీసేసి ఒక్కో జట్టుకి కనీసం ఐదు మ్యాచ్‌లు దక్కేలా చూడండి. క్వాలిఫయర్లు లేని ఏడాదిలో ప్రాంతాలవారీగా ఒక లీగ్ నడపండి, ఖర్చు ఐసీసీయే పెట్టుకోవాలి. ఖతార్ లాంటి చిన్న జట్టుని సొంత డబ్బుతో తిరగమంటే ఆ జట్టు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.