జావాలో వెళ్లేది నకలే

అమలాపురంలో సాయంత్రాలు మా వీధి పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతుంటాను. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఫంక్షన్‌కు (ఒక పని చేసే కోడ్ ముక్కకు) ఆబ్జెక్టును (డేటా మూటను) ఇస్తే ఏం వెళుతుందని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: “జావాలో ఆబ్జెక్టులు రిఫరెన్స్ పద్ధతిలో వెళతాయండి, కాలేజీ నోట్సులో ఉంది.” అంటే నకలు కాకుండా అసలు వేరియబులే ఫంక్షన్ చేతికి వెళుతుందని. ఒళ్లు మండిపోతుంది! జావాలో ఫంక్షన్‌కు వెళ్లేది ఎప్పుడూ విలువే. ఆబ్జెక్టు విషయంలో ఆ విలువ రిఫరెన్స్‌కు, అంటే ఆబ్జెక్టు ఎక్కడుందో చూపే చిరునామా లాంటిదానికి, నకలు. తాళంచెవికి నకలు తీయించి ఇస్తే ఇల్లు రెండవుతుందా? దానితో తలుపు తీసి లోపలి సామాను మార్చవచ్చు. దాన్ని పారేసి ఇంకో ఇంటి తాళంచెవి పట్టుకుంటే మాత్రం నా దగ్గరున్నదానికి ఏమీ కాదు. రెండు వేరియబుళ్లను తారుమారు చేసే చిన్న స్వాప్ ఫంక్షన్ రాసి నడిపిస్తే తేలిపోయే సంగతి ఇది! నడిపించరు, బట్టీ పట్టిస్తారు. హాస్కెల్ అనే ఇంకో భాషలో విలువలు మారవు కనుక నకలు వెళ్లినా అసలు వెళ్లినా ఫలితం ఒకటే అని చెప్పబోతే, “సిలబస్‌లో లేదండి” అంటారు పాపం. రేపు ఇంటర్వ్యూలో ఇదే అడిగితే నష్టపోయేది నోట్సు రాయించినవారు కాదు, ఈ పిల్లలే.