ముందు సంతకం, తరువాత సమావేశం

2009 నాటి విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ రాసినవారు ఊరి బడిని దూరం నుంచే చూసినట్టున్నారు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలట. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలట. పైగా, బడికి వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో వాళ్ళే కనిపెట్టి చూడాలట! అందరూ అన్నీ చూస్తే బడి ఏమైపోవాలి? అదృష్టం బాగుండి, మా ఊరి కమిటీ ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. మాది ఐదో తరగతి వరకే కనుక 15 మంది. మహిళల వాటా రిజిస్టరులో నిండుగా ఉంది. కుర్చీల్లో మాత్రం మీసాలు కనిపిస్తాయి. సభ్యురాలు మా ఆవిడ; సమావేశాలకు వెళ్ళేది నేను. టీ బాగుంటుంది.

అధికారాల పంపకంలో ఎక్కడా గొడవ లేదు. చైర్మన్‌గారూ, కన్వీనరైన హెడ్మాస్టరుగారూ నిర్ణయిస్తారు. మిగతావాళ్ళం ఏకగ్రీవంగా తీర్మానిస్తాం. కోరం కోసం ఎవరూ బడిదాకా రానక్కరలేదు, రిజిస్టరే ఊళ్ళోకి వస్తుంది. ఐదో తరగతి కుర్రవాడు దాన్ని చంకన పెట్టుకుని బయలుదేరితే, వరినాట్లలో ఉన్నవాళ్ళు గట్టెక్కి సంతకం పెడతారు. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక మీద పోయిన ఖరీఫ్ నాటి బురద వేళ్ళు ఇంకా చెరగలేదు. ప్రజల భాగస్వామ్యానికి ఇంతకంటే ఏం రుజువు కావాలి?

సభ్యులకు బొత్తిగా అధికారం లేదనడం అన్యాయం. జనవరి 26న పిల్లలకు బిస్కెట్లు పంచాలా, బూందీ పంచాలా అన్నది పూర్తిగా మాకే వదిలేశారు. గంటన్నర వాదించుకున్నాం. మరమ్మతుల బిల్లులు అర నిమిషంలో ముగిశాయి కనుక తీరిక దొరికింది.

అంతా సాఫీగా సాగుతుండగా, మొన్న మా ఆవిడ తానే వెళ్తానంది. వెళ్ళింది. చదివి సంతకం పెడతానంది. ఇలాంటి కోరిక మా కమిటీలో ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. ‘బాలికల మరుగుదొడ్డికి కొత్త తలుపు బిగించడమైనది’ అన్న చోట వేలు ఆపి, “ఏ తలుపండీ?” అని అడిగింది. హెడ్మాస్టరుగారు చైర్మన్‌గారి వైపు చూశారు. చైర్మన్‌గారు గోడ గడియారం వైపు చూశారు. ఆ గడియారం కూడా రిజిస్టరులోనే నడుస్తోంది.

ఈ నెల కుర్రవాడు రిజిస్టరుతో మా వీధిలోంచే వెళ్ళాడు. మా గుమ్మం దగ్గర ఆగలేదు. కోరం సరిపోయిందట.