కుండలో కూడు కుండలోనే

మరో మహానుభావుడు శక్తి నిత్యత్వ నియమాన్ని, అంటే శక్తి కొత్తగా పుట్టదన్న నియమాన్ని, రద్దు చేశాడు. తన కరెంటు తనే పుట్టించుకునే యంత్రమట. వీడియో మామూలే. ఇనుప స్టాండు మీద మోటారు, బెల్టుతో ఫ్లైవీలు అనే బరువైన చక్రం, ఇంకో బెల్టుతో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు, దాని తీగ తిరిగొచ్చి అదే మోటారుకి. ముందు కరెంటుతో తిప్పుతారు. వేగం అందుకోగానే ఒక చెయ్యి వచ్చి, కంట్లో నలుసు తీస్తున్నంత శ్రద్ధగా ప్లగ్గు పీకుతుంది. బల్బు వెలుగుతూనే ఉంటుంది. సంగీతం. వీడియో అయిపోతుంది.

ఎందుకు అయిపోతుందన్నదే మనం సగౌరవంగా పరిశీలించాల్సిన అంశం. చక్రం 20 కిలోల నిండు బిళ్ళ, వ్యాసార్థం 25 సెంటీమీటర్లు, నిమిషానికి 1500 చుట్లు అనుకుందాం. అందులో దాగిన శక్తి సుమారు 7,700 జౌళ్లు. 100 వాట్ల బల్బుకి 77 సెకన్లు, అదీ బేరింగులూ గాలీ తమ వాటా అడక్కపోతే. అవి అడుగుతాయి. చుట్లు తగ్గేకొద్దీ బల్బు మసకబారుతుంది, మసక మొదలయ్యేలోపు కత్తెర పడుతుంది. మానవాళి ఇంధన సమస్యకి శాశ్వత పరిష్కారం నిమిషంలోపే ముగియడం అందుకే.

ఫ్లైవీలు వల్ల శక్తి 'పెరుగుతుందట'. అది హుండీ, వేసిందే ఉంటుంది. మోటారు వందకి 80, బెల్టులు రెండూ కలిపి 95, ఆల్టర్నేటరు చాలా మంచిదైతే 85 చేతికిస్తాయనుకోండి. గుణిస్తే 65 కూడా మిగలదు. రెండో చుట్టుకి 42, మూడో చుట్టుకి 27. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు దుడ్డులా ఉండాలి అన్న మన సామెతకి ఇంజనీరింగు డ్రాయింగు ఇదే. అయస్కాంతాలతోనే చక్రం తిప్పుతామనే ముఠా సంగతీ అంతే. అయస్కాంతం వచ్చేటప్పుడు ఎంత లాగిందో పోయేటప్పుడు అంతా పట్టి ఆపుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి జమాఖర్చు సున్నా. (వాళ్ల చక్రం కింది చెక్కపీట అంత మందం ఎందుకో, లోపల 9 వోల్టుల బ్యాటరీ పడుతుందో లేదో ఎవరూ అడగరు.)

ఈ విద్యకి పూర్వాచార్యులున్నారు. 1812లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ రెడ్‌హెఫర్ టికెట్టు పెట్టి యంత్రం చూపించాడు. పరిశీలకులొస్తే గదికి తాళం, కిటికీ చువ్వల్లోంచి చూసుకోండన్నాడు. తన యంత్రం పక్కనున్న ఇంకో యంత్రాన్ని తిప్పుతోందని అతని మాట. ఒక పరిశీలకుడి వెంట వచ్చిన కొడుకు మాత్రం చక్రాల పళ్లు చూశాడు. అవి అరగాల్సిన వైపు కాక అవతలి వైపు అరిగాయి. అంటే తిరుగుతోందని చెప్పిందే తిప్పుతోంది! 1813లో కొట్టు న్యూయార్క్‌కి మారింది. స్టీమర్లు కట్టిన రాబర్ట్ ఫుల్టన్ వచ్చాడు. చూడలేదు, విన్నాడు. చప్పుడు ఎగుడుదిగుడుగా ఉంది, చేత్తో తిప్పే క్రాంకు చప్పుడులా. గోడకున్న సన్నటి చెక్కలు ఊడబీకితే పేగు తంతితో చేసిన బెల్టు. దాన్ని పట్టుకుని పైగదికి పోతే గడ్డం ముసలాయన, ఒక చేత్తో క్రాంకు, ఇంకో చేతిలో ఎండు రొట్టెముక్క.

నాకా ముసలాయనని వదిలి ముందుకి కదలాలనిపించదు. కింద టికెట్టు కొన్న జనం ప్రకృతి రహస్యానికి నోరెళ్లబెడుతుంటే, పైన ప్రకృతి రహస్యం రొట్టె నములుతోంది. అది దగ్గితే భౌతికశాస్త్రం ఆగుతుంది. చెయ్యి మార్చుకుంటే విశ్వం ఓ క్షణం తడబడుతుంది. గంటల తరబడి ఓ మనిషి ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. ఆ యంత్రంలో నిజాయితీగా పనిచేసిన భాగం అదొక్కటే.

ఇప్పటివాళ్లకి ముసలాయన ఖర్చు కూడా లేదు, మీటరు చాలు. ముళ్లలా ఎగిసే తరంగం మీద, నున్నగా ఎగిసిదిగే సైన్ తరంగానికే సరిపడే చవక మల్టీమీటరు పెడతారు. వోల్టులూ ఆంపియర్లూ ఒకేసారి శిఖరానికొస్తున్నాయో లేదో (పవర్ ఫ్యాక్టరు చెప్పేది ఇదే) చూడకుండా గుణించేసి '300 శాతం' అంటారు. అవుట్‌పుట్‌ని ఓ హీటరుకిచ్చి 10 లీటర్ల నీళ్లలో ముంచండి. 10 డిగ్రీలు పెరిగితే దాదాపు 4,20,000 జౌళ్లు వచ్చినట్టు, లోపలికిచ్చిందాంతో పోల్చుకోండి. నీళ్లకి పవర్ ఫ్యాక్టరు తెలీదు. అయినా మూడింతలొస్తుంటే మీటరెందుకు? ఒక వంతు వెనక్కిచ్చి, తీగలు పీకి, గాజుపలక మీద నెల్లాళ్లు వదిలేయండి.

వదలరు. "కాదని నిరూపించు" అంటారు. ఎందుకయ్యా నిరూపించాలి? ఉందన్నది నువ్వు! ఇలాంటి అర్జీలిక చూసేది లేదని పారిస్ సైన్స్ అకాడమీ 1775లోనే తీర్మానించింది. పొగరుతో కాదు, ఈ పిచ్చిలో కుటుంబాలు నాశనమయ్యాయని కారణం కూడా రాసింది. నీళ్లతో కారు నడుపుతానన్న స్టాన్లీ మేయర్‌ది మోసమని 1996లో ఒహాయో కోర్టు తేల్చి, పెట్టుబడిదార్ల 25,000 డాలర్లు తిరిగిచ్చేయమంది. ఆయన భక్తులకి ఆయన ఇప్పటికీ అమరవీరుడే. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు మాత్రం ఒక్క భక్తుడికీ గుర్తుండవు. సిగ్గులేకపోతే సరి, ఇది దొంగతనం. దానికి చక్రాలున్నాయి, అంతే తేడా.

రెడ్‌హెఫర్ నయం, ముసలాయనకి రొట్టెముక్కయినా పెట్టాడు. ఉచితంగా శక్తి పుట్టించే మన కొత్త మహానుభావుడి వీడియో కింద ఒక్క ముక్కే ఉంది: పూర్తి డ్రాయింగు కావలసినవారు ముందు డబ్బు పంపాలి.