చరిత్ర మీద పిల్లల చేత కథలు రాయించేవారికి ఒక మనవి

ఈమధ్య నన్ను పిలిచిన మూడు బాలల కథా రచన శిబిరాల్లో రెండింటికి అంశం చరిత్రే. మంచిదేనని సంతోషపడి వెళ్లాను. మొదటి శిబిరంలో జ్యోతి ప్రజ్వలన, ముగ్గురు అతిథుల ప్రసంగాలు, శాలువాలు పూర్తయ్యేసరికి పదకొండున్నర దాటింది. ఆ తరువాత ఒక పెద్దాయన కాకతీయ రాజుల వరుసను సంవత్సరాలతో సహా గంటసేపు అప్పజెప్పారు. భోజనాలయ్యాక పిల్లలకు నలభై నిమిషాలు ఇచ్చి, స్ఫూర్తి పొంది కథ రాయమన్నారు. అరవై కథలు వచ్చాయి. న్యాయనిర్ణేతను గనుక అన్నీ చదివాను. మూడొంతుల కథల్లో రాజు గుర్రమెక్కుతాడు, గర్జిస్తాడు, చివరి రక్తపు బొట్టు వరకు పోరాడతాడు. ఏ ఒక్క కథలోనూ ఎవరికీ ఆకలి వేయలేదు, గుర్రం నీళ్లు తాగలేదు. తప్పు పిల్లలది కాదు, మనం ఏది పెడితే అదే వాళ్లు తిరిగి వడ్డించారు.

నా అభిప్రాయం ఒక్కటే. పిల్లవాడి చేత కథ రాయించేది చరిత్రలో తెలిసిన భాగం కాదు, తెలిసినది ఆగిపోయే చోటు. ఆ చోటు దాకా చేయి పట్టుకుని తీసుకువెళ్లడమే శిబిరం నడిపేవారి పని. రాజుల పట్టిక అప్పజెప్పినంతసేపూ పిల్లవాడికి అడగడానికి ఏమీ మిగలదు.

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో, సముద్రానికి దగ్గరగా మోటుపల్లి అనే ఊరు ఉంది. మార్కోపోలో ముత్ఫిలి అని పేర్కొన్న రేవు ఇదే. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనపు స్తంభం ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల మీద దయతో తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ ఆ శాసనం చెబుతుంది. ఆ వెంటనే గంధం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, పగడాలు, మిరియాలు అంటూ సరుకుల జాబితా, వాటి మీద సుంకాలు ఉంటాయి. కిందటేడు పద్దెనిమిది మంది ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ మాటలను నేటి తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇచ్చి, ఈ రాయి చెప్పనివి పది ప్రశ్నలుగా రాయమన్నాను. మునిగిన ఓడవాళ్లకు ఎవరు అన్నం పెట్టారు, చదువురాని వాళ్లకు ఈ శాసనం సంగతి ఎవరు చెప్పారు, సుంకం లెక్కలో మోసం చేస్తే ఏం చేసేవారు, ఇలా సాగాయి ప్రశ్నలు. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదని చెప్పగానే వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి.

సముద్రంలో చేపల వేటకు వెళ్లే కుటుంబంలోని ఒక అమ్మాయి రాసిన కథను నేను ఇప్పటికీ మరచిపోలేదు. అందులో గణపతిదేవుడు లేడు, వర్తకుడూ లేడు. శాసనం వేయకముందు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక రాగి బిందెను ఇసుకలో పూడ్చి దాచుకున్న తల్లి, ఇకమీదట అలా తీసుకోకూడదని దండోరా విన్న రాత్రి ఆ బిందెను ఏం చేయాలో తేల్చుకోలేక కూర్చుంటుంది. రాజుగారి దయ ఆ గుడిసెలోకి భయంగా వచ్చిందన్నమాట. నేను శాసనాలు చదవడం మొదలుపెట్టి చాలా ఏళ్లయినా, ఆ వైపు నుంచి దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

అయితే ఊహకు పగ్గం ఉండాలి. మా శిబిరంలో ప్రతి కథ కింద, రాతి మీద ఉన్నదేదో, తాము కల్పించినదేదో పిల్లలు రెండు వరుసల్లో రాసి తీరాలి. ఈ నియమం మీద నేను మొండిగా ఉంటాను. కల్పనను చరిత్రగా చలామణి చేసి, మా కులంవాడే ఆ రాజు అంటూ ఫోన్లలో పంచుకునే పెద్దలను చూసి పెరుగుతున్న పిల్లలు వీళ్లు. ఈ నియమం వల్ల సరదా కూడా తగ్గదు. ఒక అబ్బాయి తన కథలో రేవు కూలీకి ఎండుమిరపకాయల పచ్చడి పెట్టాడు. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువారు వచ్చాకనే వచ్చిందని చెబితే, గుంటూరు వైపు పిల్లవాడు గనుక అసలు నమ్మలేదు. మరి కారానికి ఏం వేసుకునేవారని కాసేపు ఆలోచించి, మళ్లీ కాగితం చూసి, మిరియాలు అని కేక పెట్టాడు. ఆ తరువాత ఆ కూలీ మిరియాలు కొనగలడా అన్న అనుమానం వచ్చి, కథ మొత్తం తిరగరాశాడు.

శాసనం అందుబాటులో లేని ఊళ్లకు కైఫీయతులు ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి సేకరించిన ఈ గ్రామ వృత్తాంతాల్లో చెరువులు, గుళ్లు, మాన్యాలు, పుక్కిటి పురాణాలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఒక పేజీ చదివించి, మీ వీధికి మీరే కరణమై కైఫీయతు రాయండని చెబితే చాలు. బోరింగు ఎవరి హయాంలో పడింది, వేపచెట్టును ఎందుకు కొట్టేశారు అన్న సంగతులన్నీ బయటికి వస్తాయి. ఒకే చెట్టు గురించి మూడు ఇళ్లవాళ్లు మూడు రకాలుగా చెబుతారు. ఆధారాలను పోల్చి చూడడం అంటే ఏమిటో పిల్లలకు అక్కడే అర్థమవుతుంది.

ఇంట్లో ఉన్న చరిత్ర మాట చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసినవారు ఆ తీరంలో ఇంకా ఉన్నారు. ఆ రోజు ఏం జరిగిందమ్మమ్మా అని అడిగితే, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన నాలుగు మాటలే వస్తాయి. ఆ సాయంత్రం పొయ్యి మీద ఏముంది అని అడిగితే ఆవిడ కాసేపు మాట్లాడదు, ఆ తరువాత మొదలుపెడుతుంది. పిల్లలకు నేర్పవలసింది ఈ అడగడమే. అలాగే, ఆవిడ చాలించమంటే చాలించాలని కూడా ముందే చెప్పి పంపాలి.

నిర్వాహకులకు నా మనవి ఇది. ఇరవై మందికి మించి పిల్లలను తీసుకోకండి. శాలువాల డబ్బుతో ఒక చిన్న బస్సు మాట్లాడండి. ఒకే రోజులో తేల్చేయకుండా, మొదటి రోజుకూ రెండో రోజుకూ నడుమ కనీసం వారం వ్యవధి ఇవ్వండి, కథ ఆ వారంలోనే పండుతుంది. బహుమతులు తీసేయండి, బహుమతి ఉందంటే రాజు మళ్లీ గుర్రమెక్కుతాడు. పిల్లలకు పాత తెలుగు అర్థం కాదని భయపడేవారికి ఒక మాట, అది నాకూ సగమే అర్థమవుతుంది. పక్కన కూర్చుని తడుముకుంటూ చదివే పెద్దవాణ్ణి చూస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది.

మోటుపల్లి వెళ్లివచ్చిన నెల తరువాత ఆ అమ్మాయి తండ్రి ఫోను నుంచి నాకు ఫోన్ చేసింది. కథ చివర తల్లి బిందెను తిరిగి ఇచ్చేసినట్టు రాసింది గానీ, అది తనకు ఇప్పుడు నచ్చడం లేదని చెప్పింది. "ఓడవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయుంటారు కదండీ, ఇస్తే ఎవరికి ఇవ్వాలి?" అని అడిగింది. ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.