ప్రశాంతతకు కావలసిన పదార్థాలు

జర్మనీలో క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని అడ్వెంట్ అంటారు. అది మనసును నెమ్మదిపరచుకోవలసిన కాలమని అక్కడి పెద్దల మాట. ఆ నెమ్మది కోసమే కాబోలు, ఇంటిల్లిపాదీ రాత్రి పొద్దుపోయేదాకా ఓవెన్ ముందు నిలబడి బిస్కట్లు కాలుస్తారు. సెప్టెంబరు నుంచే దుకాణాల్లో దొరికే సరుకుకు ఇంత శ్రమ దేనికని అడిగే సోమరులు ఉంటారు. వారికి జవాబు చెప్పి ప్రయోజనం లేదు.

వానిల్లెకిప్ఫెర్ల్ సంగతే చూడండి. వెన్న, మైదా, బాదం పొడి కలిపి నెలవంకల్లా చుట్టి కాల్చాక, వేడి తగ్గకముందే వెనీలా చక్కెరలో దొర్లించాలి; చల్లారితే చక్కెర అంటదు, వేడిగా ఉండగా గట్టిగా పట్టుకుంటే బిస్కట్టు విరుగుతుంది. పొందిక లేని ఈ రెండు షరతులనూ ఒకేసారి నెరవేర్చడంలోనే గృహస్థధర్మం ఉంది. విరిగిన ముక్కలు పళ్లానికి పనికిరావు కనుక వండినవారే తినాలి. కొన్ని ఇళ్లలో అవి మరీ ఎక్కువగా ఎందుకు విరుగుతాయో ఆరా తీయడం మర్యాద కాదు.

ష్ప్రింగెర్లె ఇంకా ఉత్తమమైనది. చెక్కిన చెక్క అచ్చుతో పిండిపై బొమ్మ ముద్రించి, రాత్రంతా ఆరబెట్టాలి. పైభాగం ఎండి బిగుసుకుంటుంది గనుక, ఓవెన్‌లో అడుగుభాగం మాత్రమే పొంగి, బొమ్మ కింద చిన్న పాదం ఏర్పడుతుంది. ఆ పాదం ఒక పక్కకు ఒరిగిందంటే రుచి గురించి ఇక ఎవరూ మాట్లాడరు.

ఇంతటి విషయాన్ని ప్రభుత్వాలు పట్టించుకోకుండా ఎలా ఉంటాయి? నూరెంబర్గ్ లేబ్‌కూఖెన్ అనే మసాలా బిస్కట్ల పేరుకు 1996 నుంచి ఐరోపా సమాఖ్య రక్షణ ఉంది. ఆ నగరంలో తయారైనవాటికే ఆ పేరు చెల్లుతుంది. వాటిలో మేలురకమైన ఎలీజెన్ అనిపించుకోవాలంటే బాదం, హేజెల్‌నట్, అక్రోటు పప్పులు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతానికి మించకూడదు. విచారకరమైన సంగతేమిటంటే, అమ్మకానికి కాక తమకోసం వండుకునే ఇళ్ల మీద ఈ నిబంధనల అజమాయిషీ లేదు. అక్కడ అమ్మమ్మ చేతిరాత పుస్తకమే శాసనం. అందులో దాల్చినచెక్క, లవంగాల కొలతలు గ్రాములతో సహా ఉంటాయి, మైదా దగ్గర మాత్రం "పట్టినంత" అని రాసి ఉంటుంది. ఎంత పట్టిందన్నది అమ్మమ్మ వచ్చి మొదటి ముక్క కొరికాక తేల్చి చెబుతారు.