సవరణ: హార్డెన్ బదిలీ, లగ్జరీ ట్యాక్స్

అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఓక్లహామా సిటీ థండర్ జట్టు 2012 అక్టోబరులో తన ఆటగాడు జేమ్స్ హార్డెన్‌ను హ్యూస్టన్ రాకెట్స్‌కు ఇచ్చివేయడాన్ని సమర్థిస్తూ రాసిన టపాలో, అతణ్ని ఉంచుకుని ఉంటే 2012–13 సీజన్‌లోనే జట్టుపై లగ్జరీ ట్యాక్స్ (ఆటగాళ్ల జీతాల మొత్తం లీగు పెట్టిన పరిమితి దాటితే జట్టు కట్టవలసిన పన్ను) భారం పడేదని చెప్పాను. అది తప్పు; కొత్త జీతం ఏ ఏడాది మొదలవుతుందో నేను సరిచూసుకోలేదు.

లీగుకు, ఆటగాళ్ల సంఘానికి 2011లో కుదిరిన ఒప్పందపు నిబంధనలను, నాటి వార్తా కథనాలను మళ్లీ చదివాను. ఆ సీజన్‌లో హార్డెన్ ఇంకా తన తొలి ఒప్పందం కిందే ఉన్నాడు. అక్టోబరు 31 గడువులోగా పొడిగింపుపై సంతకం చేసినా, పెరిగిన జీతం 2013–14 నుంచే లెక్కలోకి వచ్చేది. పన్ను కఠినమైంది కూడా అప్పటినుంచే: అంతవరకు పరిమితి దాటిన ప్రతి డాలరుకు ఒక డాలరు కడితే సరిపోయేది, ఆపైన తొలి 50 లక్షలకే డాలరుకు డాలరున్నర చొప్పున, ఆ తర్వాత మరింత హెచ్చు రేటున కట్టవలసి వచ్చింది.

కనుక మరో ఏడాది ఆడించి చూడవలసిందన్న విమర్శకుల మాట కొట్టిపారేయదగ్గది కాదు. అయినా జట్టులోని డ్యూరాంట్, వెస్ట్‌బ్రూక్, ఇబాకాల దీర్ఘకాలిక ఒప్పందాల పక్కన నాలుగో పెద్ద జీతాన్ని అంత చిన్న నగరపు జట్టు ఏళ్ల తరబడి మోయడం కష్టమన్న నా అభిప్రాయం మారలేదు. ఆ బదిలీలో వచ్చిన డ్రాఫ్ట్ హక్కుల్లో (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతుల్లో) ఒకదానితోనే 2013లో 12వ స్థానంలో స్టీవెన్ ఆడమ్స్‌ను తీసుకున్నారు. అతడు అక్కడ ఏడు సీజన్లు ఆడాడు.